పూల్ మౌంట్ కాలేదా? కాస్త చెయ్యి ఆపండి

ఈసారి ఉత్తరాలు చాలావరకు ఒకే బాధ మీద వచ్చాయి. ఇంట్లో పెట్టుకున్న సర్వర్, అందులో జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్ (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకే నిల్వగా వాడే ఏర్పాటు), పొద్దున లేచి చూస్తే పూల్ లేదు. మొదటి ఉత్తరానికి వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మిగతావాళ్లకి కూడా అందులోని సగం విషయాలు పనికొస్తాయి.

ప్రశ్న: పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు వేసి ఇంటి సర్వర్‌గా వాడుతున్నాను. 4 టీబీ డిస్కులు నాలుగు, రెయిడ్-జెడ్1 (ఒక డిస్కు పోయినా డేటా నిలిచే అమరిక). మొన్న గాలివానకి రాత్రంతా కరెంటు పోతూ వస్తూ ఉంది. తెల్లారి జెడ్‌పూల్ స్టేటస్ కొడితే అసలు పూల్సే లేవంటోంది. ఇంపోర్ట్ (పూల్‌ను సిస్టంలోకి తెచ్చే కమాండ్) కొడితే ఒక డిస్కు అన్‌అవైల్ (అందుబాటులో లేదు), మిగతా మూడూ ఆన్‌లైన్ అని చూపించి, చివర్లో ఐ/ఓ ఎర్రర్, పూల్‌ను డిస్ట్రాయ్ చేసి బ్యాకప్ నుంచి మళ్లీ క్రియేట్ చేసుకోమంటోంది. మైనస్ ఎఫ్ పెట్టి కొడితే వచ్చేస్తుందని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. పిల్లలు పుట్టినప్పటి నుంచి తీసిన ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి సార్, ఇంకో కాపీ లేదు. కొట్టమంటారా?
— ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: ఇప్పుడే కొట్టకండి. మీ ఫొటోలు పోయాయని చెప్పే ఆధారం మీరు రాసినదాంట్లో ఎక్కడా లేదు. ఆ 'డిస్ట్రాయ్ చేసి మళ్లీ క్రియేట్ చేసుకోండి' అన్న వాక్యం చూసి చాలామందికి గుండె ఆగినంత పనవుతుంది గానీ, మీ డిస్కులన్నీ క్షుణ్ణంగా పరీక్షించి ఇచ్చిన తీర్పు కాదది. ఇంపోర్ట్ కొన్ని రకాలుగా ఫెయిలైనప్పుడల్లా ఆ ప్రోగ్రామ్ అదే వాక్యం చూపిస్తుంది. కేబుల్ వదులై ఒక డిస్కును సరిగ్గా చదవలేకపోయినా రావచ్చు. కరెంటు పోవడం వల్ల పోయే డేటా కంటే, ఆ తర్వాత టెన్షన్‌లో ఏదో ఒకటి కొట్టేయడం వల్ల పోయే డేటానే ఎక్కువని నా నమ్మకం.

అందుకే ముందు చేయకూడనివి చెప్తాను. జెడ్‌పూల్ క్రియేట్ జోలికి పోవద్దు, పాత పేరే ఇస్తున్నాను కదా పాత పూల్ తిరిగొస్తుందిలే అనుకుని అసలే పోవద్దు. లేబుల్‌క్లియర్ వద్దు, అది డిస్కు మీద ఉన్న పూల్ గుర్తును చెరిపేస్తుంది. ఎఫ్‌ఎస్‌సీకే నడపొద్దు, జెడ్‌ఎఫ్‌ఎస్‌కి అలాంటి రిపేర్ ప్రోగ్రామ్ లేదు. డిస్కు తీసి విండోస్ కంప్యూటర్‌కి పెట్టి చూద్దామని కూడా అనుకోకండి, అది డిస్కును గుర్తుపట్టలేక ఇనిషియలైజ్ చేయమంటారా అని అడుగుతుంది, అలవాటుగా ఓకే నొక్కితే మీ పార్టిషన్ టేబుల్ మీద కొత్తది రాసేస్తుంది. ఇప్పటికే పెట్టి ఉంటే క్యాన్సిల్ నొక్కి తీసేయండి.

అసలు కరెంటు పోతే జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్ పాడవకూడదు, దాన్ని కట్టిందే అలా. పాత డేటా మీద కొత్త డేటా రాయదు, ఖాళీ చోట రాస్తుంది. సాధారణంగా ఐదు సెకన్లకోసారి ఒక విడత మార్పులు డిస్కులకి చేరతాయి, అంతా చేరాక చివర్లో మాత్రమే ఊబర్‌బ్లాక్ అనే చిన్న రికార్డు రాసి 'ఇక నుంచి ఇదే తాజా స్థితి' అని ఖరారు చేస్తుంది. మధ్యలో కరెంటు పోతే ఆ విడత లెక్కలోకి రాదు, ముందు విడత చెక్కుచెదరకుండా ఉంటుంది. మరి మీ పూల్ ఎందుకు రాలేదంటే, పైన చెప్పిన పద్ధతి నడవాలంటే డిస్కు 'రాసేశాను' అన్నప్పుడు నిజంగా రాసి ఉండాలి. కొన్ని యూఎస్‌బీ పెట్టెలు ఈ విషయంలో నమ్మదగ్గవి కావు. మీవి నేరుగా మదర్‌బోర్డు సాటా పోర్టులకే ఉన్నాయనుకుంటున్నాను, అలాగైతే నా అనుమానం ముందు హార్డ్‌వేర్ మీదికే పోతుంది.

ఎందుకంటే లెక్క చూడండి. రెయిడ్-జెడ్1లో ఒక డిస్కు పూర్తిగా లేకపోయినా పూల్ డిగ్రేడెడ్ అనే స్థితిలో రావాలి. మీకు మూడు ఆన్‌లైన్ ఉన్నా రాలేదు. అంటే ఆన్‌లైన్ అని చూపిస్తున్న మూడింటిలో కూడా ఏదో ఒకటి సరిగ్గా లేదు, ముఖ్యమైన చోట చదవలేకపోతోంది లేదా తప్పు డేటా ఇస్తోంది. కనపడని డిస్కును తిరిగి కనపడేలా చేస్తే ఈ చిక్కు చాలావరకు దానంతటదే విడిపోవచ్చు, కాబట్టి మొదటి పని అదే.

మెషీన్ ఆపండి, ప్లగ్ తీయండి. సాటా డేటా కేబుళ్లు రెండు వైపులా తీసి గట్టిగా పెట్టండి, కనపడని డిస్కుకి కొత్త కేబుల్ వేయండి, వేరే పోర్టుకి మార్చండి. పోర్టు మారితే పూల్ పాడవుతుందేమో అన్న భయం వద్దు, జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కును దాని మీద ఉన్న లేబుల్‌ని బట్టి గుర్తుపడుతుంది, ఏ పోర్టులో ఉందన్నది దానికి అనవసరం. పవర్ వైపు ఇంకా జాగ్రత్తగా చూడండి. పెద్ద సైజు డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల లైను మీద దాదాపు రెండు ఆంపియర్లు లాగుతుంది, నాలుగూ ఒకేసారి మొదలైతే వంద వాట్లకి దగ్గరగా వస్తుంది, పాత డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె) ఆ రాత్రి దెబ్బలు తిని నీరసించి ఉంటే ఒక డిస్కు లేవకుండా ఉండిపోతుంది. ఒకే పవర్ వైరును స్ప్లిటర్‌తో నాలుగింటికి పంచి ఉంటే అదీ అనుమానించాల్సిందే. తెలిసినవాళ్ల దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ దొరికితే మార్చి చూడండి.

ఆన్ చేశాక ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి నాలుగు డిస్కులూ కనిపిస్తున్నాయా చూడండి. డీమెసేజ్ (dmesg, సిస్టం సందేశాల చిట్టా)లో ఏ డిస్కు పేరు మీదైనా ఎర్రర్లు వరసగా వస్తున్నాయా చూడండి. తర్వాత స్మార్ట్‌సీటీఎల్ మైనస్ ఎ తో ఒక్కో డిస్కు రిపోర్టు తీయండి, దాంట్లో ఈ నాలుగు నంబర్ల వరసలు చూస్తే చాలు: 5, 197, 198, 199. చివరిదైన 199 అంటే డేటా దారిలో తప్పులు, చాలాసార్లు కేబులే కారణం, కేబుల్ మార్చాక ఆ సంఖ్య తగ్గదు గానీ పెరగడం ఆగిపోవాలి. 197, 198లో సున్నా కాకుండా ఇంకేమైనా ఉంటే ఆ డిస్కు కొన్ని చోట్ల చదవలేకపోతోంది. 5 అంటే ఇప్పటికే చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు. 197లో సున్నా కాని విలువ ఉన్న డిస్కుని గుర్తు పెట్టుకోండి, దానితో పని మళ్లీ వస్తుంది.

ఇప్పుడు జెడ్‌పూల్ ఇంపోర్ట్ అని ఏ పేరూ ఇవ్వకుండా కొట్టండి. ఇలా కొడితే అది వెతికి చూపిస్తుందంతే, ఏమీ రాయదు, ఎన్నిసార్లు కొట్టినా నష్టం లేదు. మైనస్ డి పెట్టి డిస్క్ బై-ఐడీ ఫోల్డర్ ఇస్తే డిస్కులు వాటి సీరియల్ నంబర్లతో కనిపిస్తాయి, ఏది ఏదో తెలుసుకోవడం తేలిక. ఇంకో మంచి పని, జెడ్‌డీబీ మైనస్ ఎల్‌యూ అని కొట్టి ఒక్కో డిస్కు లేబుల్ చదవడం. డిస్కు మొత్తానికి కాకుండా మొదటి పార్టిషన్‌కి కొట్టాలి, లేకపోతే లేబుల్ చదవలేకపోయానంటుంది, మనం అనవసరంగా భయపడతాం. దాంట్లో ఊబర్‌బ్లాకుల పక్కన తేదీ, టైము ఉంటాయి. నాలుగు డిస్కుల్లో అన్నిటికన్నా తాజా తేదీ చూసి పోల్చండి. మూడింటిలో ఆ రాత్రి తేదీ ఉండి, అన్‌అవైల్ అన్నదాంట్లో రెండు నెలల కిందటి తేదీ ఉందనుకోండి, ఆ డిస్కు ఎప్పుడో జారిపోయింది, పూల్ అప్పటి నుంచి కుంటుతూనే నడుస్తోంది, ఎవరూ చూడలేదని అర్థం. అప్పుడు ఆ డిస్కు మీద ఆశ పెట్టుకోకుండా, మిగిలిన మూడింటిలో బలహీనంగా ఉన్నదాన్ని కాపాడటం మీద మనసు పెట్టాలి. నాలుగింటిలోనూ ఒకే రాత్రి ఉంటే సంతోషించండి, కేబులో పవరో సరిచేస్తే పూల్ లేచే అవకాశం బాగా ఉంది.

నాలుగూ కనిపించినా సరే, మొదటిసారి మామూలుగా ఇంపోర్ట్ చేయకండి. రీడ్‌ఓన్లీ=ఆన్ అనే ఆప్షన్ మైనస్ చిన్న ఓ తో జోడించి, మైనస్ పెద్ద ఆర్ తో ఎంఎన్‌టీ ఫోల్డర్ చూపించి చేయండి. ఇలా వస్తే పూల్ మీద ఒక్క అక్షరం కూడా రాయబడదు. వచ్చిందా, వెంటనే ఇంకో డిస్కు తగిలించి ఫొటోలు ఆర్‌సింక్‌తో కాపీ చేసేయండి. మధ్యలో కొన్ని ఫైళ్లు చదవలేకపోతే ఆర్‌సింక్ వాటిని చెప్పి ముందుకు పోతుంది, ఆ పేర్లు ఒక ఫైల్లో దాచుకోండి. పిల్లల ఫొటోలు మొదట, సినిమాలు చివర. కాపీ పూర్తయ్యేదాకా స్క్రబ్ (మొత్తం డేటా తనిఖీ) వద్దు, డిస్కు మార్చి రీసిల్వర్ (కొత్త డిస్కులోకి డేటా నింపడం) మొదలుపెట్టడం కూడా వద్దు, ఎందుకంటే ఆ రెండూ అన్ని డిస్కుల్నీ గంటల తరబడి చదివిస్తాయి, ఇప్పటికే అలసిన డిస్కు ఆ పని మధ్యలో చచ్చిపోతే రెయిడ్-జెడ్1కి ఇక చేయగలిగింది లేదు.

ఇక మీ ఫ్రెండ్ చెప్పిన మైనస్ ఎఫ్. చిన్న ఎఫ్ వేరు, పెద్ద ఎఫ్ వేరు. చిన్న ఎఫ్ అంటే 'ఈ పూల్‌ను వేరే మెషీన్ వాడుతున్నట్టు గుర్తు ఉన్నా ఫర్వాలేదు, తీసుకో' అని. మీ సమస్య అది కాదు కాబట్టి దానివల్ల మీకు లాభం లేదు. పెద్ద ఎఫ్ అంటే 'చివరి విడత మార్పులు వదిలేసి, అంతకుముందు బాగున్న స్థితికి వెళ్లు' అని. ఇది పనికొచ్చే మందే, కొన్ని సెకన్ల పని పోయి మిగతా అంతా వస్తుంది, కానీ మామూలుగా చేస్తే ఆ వెనక్కి పోవడం శాశ్వతం. అందుకని రీడ్‌ఓన్లీ ఒక్కటే పెట్టినప్పుడు రాకపోతే, రీడ్‌ఓన్లీ, పెద్ద ఎఫ్ రెండూ కలిపి కొట్టండి. వెనక్కి వెళ్లిన స్థితిని చూపిస్తుంది గానీ డిస్కు మీద రాయదు. పెద్ద ఎక్స్ అని ఇంకొకటి ఉంది, ఇంకా చాలా వెనక్కి వెళ్లి వెతుకుతుంది, మాన్యువల్‌లోనే ప్రమాదమని రాసి ఉంటుంది, దాన్ని అసలు డిస్కుల మీద వాడొద్దు.

పెద్ద ఎఫ్‌తో కూడా రాకపోతే, లేదా 197 ఉన్న డిస్కు టకటక శబ్దం చేస్తుంటే, ఇక కమాండ్లు ఆపేసి ఆ డిస్కుకి నకలు తీయాలి. కనీసం అంతే సైజున్న కొత్త డిస్కు కొని, డీడీరెస్క్యూతో మ్యాప్ ఫైల్ పెట్టుకుని కాపీ చేయండి. మ్యాప్ ఫైల్ ఉంటే మధ్యలో ఆగినా ఆగిన చోట నుంచే మొదలవుతుంది, ముందు తేలిగ్గా చదవగలిగినవన్నీ తీసుకుని మొండి సెక్టార్ల దగ్గరికి తర్వాత వస్తుంది. 4 టీబీ డిస్కు ఆరోగ్యంగా ఉంటేనే ఏడెనిమిది గంటలు, దెబ్బతిన్నదైతే రోజులు పట్టొచ్చు, కంగారు పడొద్దు. అయ్యాక అసలు డిస్కు తీసేసి, నకలు మాత్రమే తగిలించి మళ్లీ రీడ్‌ఓన్లీ ఇంపోర్ట్ ప్రయత్నించండి. అసలు, నకలు రెండూ ఒకేసారి తగిలించి ఉంచకూడదు, రెండింటి మీదా ఒకే లేబుల్ ఉంటుంది కాబట్టి జెడ్‌ఎఫ్‌ఎస్‌కి ఏది ఏదో తెలియదు. రెండు డిస్కులు బీఐఓఎస్‌లో కూడా కనపడని స్థితికి వస్తే మాత్రం ఇంట్లో చేసేది లేదు, డిస్కు విప్పి చదివే ల్యాబ్ ఉన్న వాళ్ల దగ్గరికే పోవాలి, ఖర్చు ఎక్కువే అవుతుంది.

ఫొటోలు బయటికి వచ్చాక ఒకటి మర్చిపోకండి. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ ఉంది కదా అని సర్వర్‌ను దానికే తగిలిస్తారు. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అటు పెట్టండి, మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ కొద్ది క్షణంలోనే కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోవచ్చు. ఇంకా మంచిది, యూఎస్‌బీ పోర్టు ఉన్న చిన్న యూపీఎస్ కొని, ఎన్‌యూటీ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో సర్వర్‌కి కలపండి, బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనంతట తాను సక్రమంగా ఆగిపోతుంది. ఫొటోల రెండో కాపీ ఒక బయటి డిస్కులో, వీలైతే వేరే ఇంట్లో. రెయిడ్ ఉంది కదా అంటారేమో, అది ఒక డిస్కు పోయినా పని ఆగకుండా చూస్తుంది, పొరపాటున డిలీట్ చేసినా ఇలా పూల్ మొత్తం రాకపోయినా దానివల్ల ఏమీ కాదు.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్ వెళ్లే ముందు ఇంట్లో ట్రూనాస్ (జెడ్‌ఎఫ్‌ఎస్ వాడే సర్వర్ సిస్టం) సర్వర్ పెట్టి వెళ్లాడు. మా వారి రిటైర్మెంట్ వీడియో, పొలం పాస్‌బుక్కుల స్కాన్లు అన్నీ అందులోనే. ఇల్లు సున్నాలు వేయించేటప్పుడు ఆపేసి, మళ్లీ ఆన్ చేశాను. స్క్రీన్ మీద పూల్ ఆన్‌లైన్ అని పచ్చగానే ఉంది, కానీ ఫోల్డర్లు తెరవడానికి రావడం లేదు. షాపు అతను డిస్కులు తెస్తే రికవర్ చేస్తానంటున్నాడు. ఇవ్వనా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఇవ్వొద్దమ్మా. మీ డేటా క్షేమంగా ఉందని నేను దాదాపు నమ్ముతున్నాను. పూల్ రావడం ఒక మెట్టు, అందులోని డేటాసెట్లు అంటే లోపలి అరలు మౌంట్ కావడం (ఫోల్డర్లుగా తెరుచుకోవడం) ఇంకో మెట్టు. మీకు మొదటిది అయింది, రెండోది ఆగింది. సర్వర్ ఆపి ఆన్ చేసిన వెంటనే ఇలా అయిందంటే, మీ అబ్బాయి ఆ డేటాసెట్‌కి పాస్‌ఫ్రేజ్ పెట్టి ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటాడు. పాస్‌ఫ్రేజ్ పెట్టినవి రీస్టార్ట్ అయినప్పుడల్లా తాళం వేసుకుని ఉండిపోతాయి, ఎవరో ఒకరు మళ్లీ టైప్ చేయాలి.

ట్రూనాస్ పేజీలో డేటాసెట్స్ అన్నచోటికి వెళ్లండి, పేరు పక్కన తాళం బొమ్మ ఉంటే అదే సంగతి. అన్‌లాక్ నొక్కితే పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. మీ అబ్బాయికి అక్కడ పగలు ఉన్నప్పుడు ఫోన్ చేసి, ఒక్కో అక్షరం పెద్దదా చిన్నదా అడిగి టైప్ చేయండి. పాస్‌ఫ్రేజ్ బదులు కీ ఫైల్ వాడి ఉంటే అది అతని లాప్‌టాప్‌లో ఉండొచ్చు, వెతకమనండి. తాళం తీసేదాకా ఖాళీ ఫోల్డర్ ఏదైనా కనిపిస్తే దాంట్లోకి మాత్రం ఏమీ కాపీ చేయకండి, అవి వేరే చోట పడి తర్వాత కనిపించక గందరగోళం అవుతుంది.

షాపు గురించి గట్టిగా ఎందుకు చెప్పానంటే, పాస్‌ఫ్రేజ్ లేకుండా ఎన్‌క్రిప్ట్ చేసిన జెడ్‌ఎఫ్‌ఎస్ డేటాను ఏ షాపు అతనూ తెరవలేడు, ప్రయత్నంలో ఫార్మాట్ చేసేస్తే మాత్రం తిరిగి రాదు. తాళం తెరుచుకున్నాక ఆ పాస్‌ఫ్రేజ్ ఒక కాగితం మీద రాసి, పొలం కాగితాలు పెట్టే చోటే పెట్టండి. మీ అబ్బాయి ఒక్కడికే తెలిసి ఉండటం మంచిది కాదు.

ప్రశ్న: అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేశాను. ఇప్పుడు జెడ్‌పూల్ అని ఏం కొట్టినా జెడ్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్స్ లోడ్ కాలేదంటోంది. డిస్కులు పోయినట్టేనా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: డిస్కులకి దీనితో సంబంధమే లేదు. లైనక్స్ కెర్నల్ (సిస్టం గుండెకాయ) కొత్తది వచ్చింది, దానికి సరిపోయే జెడ్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్ (దానికి తగిలించే ముక్క) తయారు కాలేదు, అంతే. జెడ్‌ఎఫ్‌ఎస్ కెర్నల్‌లో భాగం కాదు, విడిగా వస్తుంది, ప్రతి వెర్షనూ ఫలానా కెర్నల్ దాకానే పనిచేస్తుంది. రీస్టార్ట్ చేసి గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోంచి పాత కెర్నల్ ఎంచుకోండి, పూల్ కనిపిస్తుంది. తర్వాత డీకేఎంఎస్ (మాడ్యూళ్లు తయారుచేసే ప్రోగ్రామ్) స్టేటస్ కొట్టి కొత్త కెర్నల్‌కి మాడ్యూల్ ఎందుకు తయారు కాలేదో చూడండి, చాలాసార్లు కెర్నల్ హెడర్స్ ప్యాకేజీ లేకపోవడమే. జెడ్‌ఎఫ్‌ఎస్ ఆ కెర్నల్‌కి ఇంకా సపోర్ట్ ఇవ్వకపోతే, వచ్చేదాకా పాత కెర్నల్ మీదే ఉండండి.

ప్రశ్న: కొత్త పీసీ కొని ప్రాక్స్‌మాక్స్ (ఒకే కంప్యూటర్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే సిస్టం) వేసి, పాత సర్వర్ డిస్కులు అందులో పెట్టాను. పూల్‌ను ఇంతకుముందు వేరే సిస్టం వాడింది, కావాలంటే మైనస్ ఎఫ్ పెట్టమని చెప్తోంది. పెట్టొచ్చా? డిస్కుల్ని తర్వాత ట్రూనాస్ వర్చువల్ మెషీన్‌కి ఇద్దామనుకుంటున్నాను.
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ విషయంలో చిన్న ఎఫ్ పెట్టొచ్చు. పాత మెషీన్‌లో ఎక్స్‌పోర్ట్ చేయకుండా (అంటే పూల్‌ను సక్రమంగా విడిపించకుండా) డిస్కులు తీశారు కాబట్టి పాత మెషీన్ గుర్తు వాటి మీద మిగిలిపోయింది. అయితే డిస్కుల్ని చివరికి ట్రూనాస్‌కే ఇస్తారంటున్నారు కాబట్టి ప్రాక్స్‌మాక్స్‌లో అసలు ఇంపోర్ట్ చేయకండి, నేరుగా ట్రూనాస్‌లోనే చేయండి.

ఇది గట్టిగా చెప్తున్నాను. ఒకే పూల్‌ను ప్రాక్స్‌మాక్స్ ఒక పక్క, లోపలి వర్చువల్ మెషీన్ ఒక పక్క ఒకేసారి తెరిస్తే, రెండూ దాని మీద ఎవరికి వారు రాసుకుంటూ పోయి కొద్దిసేపట్లోనే బాగుచేయలేనంతగా పాడుచేస్తాయి. పైన మచిలీపట్నం పాఠకుడికి చెప్పిన ఏ ఉపాయమూ అప్పుడు పనిచేస్తుందన్న భరోసా లేదు. డిస్కుల్ని ఒక్కొక్కటిగా కాకుండా సాటా కంట్రోలర్ కార్డు మొత్తాన్ని వర్చువల్ మెషీన్‌కి అప్పగిస్తే ప్రాక్స్‌మాక్స్‌కి ఆ డిస్కులు కనిపించవు, ఈ ప్రమాదమే ఉండదు. వర్చువల్ మెషీన్ నడుస్తుండగా పూల్ రాలేదని ప్రాక్స్‌మాక్స్ షెల్‌లో ఇంపోర్ట్ కొట్టి చూసే అలవాటు మాత్రం వద్దు.

ట్రూనాస్‌లో పూల్ వచ్చాక 'కొత్త ఫీచర్లు ఉన్నాయి, అప్‌గ్రేడ్ చేయండి' అని నోటీసు కనిపించవచ్చు. దాన్ని ప్రస్తుతానికి వదిలేయండి. అప్‌గ్రేడ్ నొక్కితే వెనక్కి తిప్పలేం, పాత మెషీన్ మీద ఉన్న పాత జెడ్‌ఎఫ్‌ఎస్ ఈ పూల్‌ను తెరవలేకపోవచ్చు. కొత్త పీసీ ఒకటి రెండు నెలలు ఇబ్బంది లేకుండా నడిచి, పాతదాని అవసరం ఇక లేదని మీకే అనిపించాక నొక్కండి.